ఎండాకాలం సెలవుల్లో తెల్లబడిపోయిన యూగ్లీనా మళ్ళీ పచ్చబడుతుందా?

గాంధీనగర్_జువాలజీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక కాలేజీలో ఇంటర్, డిగ్రీ పిల్లలకి జువాలజీ చెబుతాను. పదకొండేళ్ళుగా యూగ్లీనా (నీళ్ళలో ఉండే ఆకుపచ్చ ఏకకణ జీవి) పాఠం చెబుతున్నా, మూడేళ్ళ క్రితం దాకా పిల్లలకి చూపించింది రంగు పట్టించిన పాత పర్మనెంట్ స్లైడే. దాని మీద కశాభం, అంటే ఈదడానికి వాడే కొరడా లాంటి పోగు, కనపడదు. పచ్చదనం అసలే ఉండదు. బోర్డు మీద నేను గీసిన బొమ్మే వాళ్ళకి యూగ్లీనా. ఒక ప్రాణిని ఎప్పుడూ చూడకుండానే దాని గురించి పదహారు మార్కులకి రాసి వెళ్ళిపోతున్నారే అని బాధగా ఉండేది. అందుకని పరిశోధన చేస్తున్న స్నేహితురాలిని అడిగి యూగ్లీనా గ్రాసిలిస్ కల్చర్ చిన్న సీసాడు తెచ్చుకుని పెంచుతున్నాను.

మీడియం కొనే డబ్బు మాకు లేదు. కాచి చల్లార్చిన నీళ్ళు, నాలుగు ఉడికించిన గోధుమ గింజలు, మా అమ్మ పెట్టే తరవాణి పైన తేరిన తేట ఒక చెంచా. ఇంతే. ఫిబ్రవరిలో సీసాలు ఆకుపచ్చ సిరా పోసినట్టుండేవి. మొదటిసారి ఒక అమ్మాయి మైక్రోస్కోపులో కన్నుపెట్టి "మేడం, ఇది తిరుగుతా వెళ్తోంది!" అని అరిచింది. ఆ అరుపు కోసమే ఇదంతా.

ఇప్పుడు అసలు సంగతి. ఏప్రిల్ నెలాఖరుకి సెలవులిచ్చేటప్పుడు నా దగ్గర నాలుగు సీసాలున్నాయి. రెండు ల్యాబ్ కిటికీ గట్టు మీద పెట్టాను. ఒకటి సింక్ కింద చెక్క అరలో పెట్టాను, అక్కడ పైపు కారుతూ ఎప్పుడూ చెమ్మగా ఉంటుందని. నాలుగోది ఇంటికి తీసుకెళ్ళాను. మే నెలంతా ల్యాబ్‌కి తాళం. తాళాలు నా చేతిలో ఉండవు.

జూన్ 1న తలుపు తీస్తే కిటికీ గట్టు సీసాల్లో అడుగున గోధుమరంగు మడ్డి తప్ప ఏమీ లేదు. మూత తీస్తే కుళ్ళిన వాసన. సింక్ కింది సీసా మాత్రం బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా ఉంది. ఇదీ పోయిందనుకుని పారబోయబోతూ, ఎందుకో మనసొప్పక ఒక చుక్క స్లైడ్ మీద వేసుకుని చూశాను. నిండా ప్రాణులు! యూగ్లీనాలే. అదే కదురు ఆకారం, అదే గిరగిరా తిరుగుతూ ఈత, కవర్ స్లిప్ కింద ఇరుకైనప్పుడు అదే చపాతీ పిండి నలిపినట్టు మెలికలు తిరగడం. ఒక్కటంటే ఒక్కదానికీ పచ్చదనం లేదు. గాజు ముక్కల్లా ఉన్నాయి.

ఇంట్లో సీసా మాత్రం శుభ్రంగా పచ్చగా ఉంది. అమ్మ దాన్ని వంటింట్లో మంచినీళ్ళ కుండ పక్కన పెట్టిందట.

అరలో చీకటికి తెల్లబడ్డాయేమో, వెలుతురు తగిలితే పచ్చబడతాయిలే అని ఉత్తరం కిటికీ దగ్గర పెట్టాను. మూడు వారాలు దాటింది. చావలేదు, ఇంకా పెరుగుతున్నాయి. నిన్న కొత్త గోధుమ గింజలు వేస్తే ఇంకా చిక్కబడ్డాయి. అయినా పచ్చ రాలేదు. ఒకే కల్చర్, ఒకే తరవాణి. ఒకచోట చచ్చాయి, ఒకచోట తెల్లబడ్డాయి, ఒకచోట పచ్చగా ఉన్నాయి. ఎందుకిలా? ఇవి మళ్ళీ పచ్చబడతాయా? జూలైలో ప్రాక్టికల్స్ ఉన్నాయి. ఇవేమిటని పిల్లలకి చెప్పాలో తెలియకుండా చూపించలేను.

ల్యాబ్‌కోటు

మేడం, నమస్తే. నాగార్జున నగర్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. యూగ్లీనా నా పని కాదు, క్లామిడోమోనాస్ అనే ఏకకణ ఆకుపచ్చ శైవలం మీద చేస్తున్నాను. కానీ మా గైడ్ దగ్గర దీని గురించి కొంత విన్నాను.

చీకటి వల్ల తెల్లబడితే మూడు వారాలు పట్టదండి. చీకట్లో పెంచిన యూగ్లీనా గ్రాసిలిస్‌లో హరితరేణువులు ఎక్కడికీ పోవు. ముడుచుకుని ప్రోప్లాస్టిడ్లుగా చిన్నవైపోతాయి. వెలుతురులో పెట్టగానే పత్రహరితం తయారీ మొదలై సుమారు 72 గంటల్లో పూర్తి హరితరేణువులు సిద్ధమవుతాయి. ఇది 1960ల నుంచీ బాగా కొలిచి చూసిన విషయం. నాలుగో రోజుకి కూడా పచ్చ కనపడకపోతే కారణం చీకటి కాదు.

నాకు మూడు సంగతులు చెప్పండి. బాక్టీరియా పోవాలని ఎవరైనా అందులో యాంటీబయాటిక్ వేశారా, ముఖ్యంగా స్ట్రెప్టోమైసిన్? మే నెలలో ఆ అరలో వేడి ఎంత ఉండేది? హై పవర్‌లో చూస్తే ముందు భాగంలో ఎర్రటి నేత్రపు చుక్క ఉందా లేదా?

ఇంకొకటి, సీసా మూత బిగించారా? గాలి ఆడకపోతే ఇది లోపల దాచుకున్న పారామైలాన్ అనే నిల్వ ఆహారాన్ని మైనం లాంటి వ్యాక్స్ ఎస్టర్‌గా మార్చుకుంటుంది. 14 కార్బన్ల ఆమ్లం, 14 కార్బన్ల ఆల్కహాల్ కలిసిన మిరిస్టిల్ మిరిస్టేట్ అందులో ముఖ్యమైనది. ఆక్సిజన్ లేకుండానే ఆ దారిలో కాస్త ఏటీపీ (కణానికి శక్తి ఇచ్చే సరుకు) సంపాదించుకుని బతుకుతుంది. మళ్ళీ గాలి తగిలితే ఆ మైనాన్ని వాడేసుకుంటుంది. దాంతో రంగు పోదు గానీ, మీ తెల్లదనంలో దాని వాటా ఉందేమో అని అడిగాను.

గాంధీనగర్_జువాలజీ

థాంక్యూ నాన్నా. ఇవాళ మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో కూర్చుని చూశాను.

యాంటీబయాటిక్ ఎవరూ వేయలేదు. తాళం వేసిన గది, నేను తప్ప ముట్టుకున్నవాళ్ళు లేరు. మూత బదులు దూది పెట్టాను కాబట్టి గాలి ఆడింది.

వేడి సంగతి అదృష్టవశాత్తూ తెలుసు. గోడకి పాత మాక్సిమం మినిమం థర్మామీటర్ ఉంది, సెలవులకి ముందు నేనే సెట్ చేశాను. దాన్ని విడిగా సింక్ పక్కనే వేలాడదీశాను. తక్కువ 31, ఎక్కువ 36 చూపిస్తోంది. అర లోపల చెమ్మ కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు తక్కువే ఉండొచ్చు. కిటికీ గట్టు మీద మాత్రం మధ్యాహ్నం ఎండ తిన్నగా పడుతుంది. అక్కడ 45 దాటి ఉంటుంది. ఇంట్లో కుండ దగ్గర ఎంతో కొలవలేదు, చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది.

నేత్రపు చుక్క కోసం చాలాసేపు వెతికాను. డయాఫ్రం బాగా మూసి, 45 రెట్ల లెన్సులో పెట్టి, ఒకటి నెమ్మదించేదాకా ఆగి చూశాను. ఇంటి సీసాలోవాటిలో ముందువైపు రిజర్వాయర్ (కశాభం పుట్టే గుంట) పక్కన కుంకుమ బొట్టంత స్పష్టంగా ఉంది. తెల్లవాటిలో ఆ చోటు ఖాళీ. ముప్ఫై, నలభై చూశాను, ఒక్కదానికీ లేదు. ఎక్కువైన నీళ్ళని బయటికి తోసే సంకోచ రిక్తిక మాత్రం రెండింటిలోనూ చక్కగా పనిచేస్తోంది. గుండ్రంగా ఉబ్బి, టక్కున రిజర్వాయర్‌లోకి ఖాళీ అయి, మళ్ళీ ఉబ్బడం మొదలెడుతోంది. వాచీ పెట్టి చూస్తే అర నిమిషం లోపే ఒక విడత.

ఇంకొకటి గమనించాను. తెల్లవాటి లోపల మెరిసే గింజలు, పొడుగ్గా అటుకుల్లా, కణం నిండా ఉన్నాయి. పిండిపదార్థమేమో అని కవర్ స్లిప్ అంచున ఒక చుక్క అయొడిన్ పోసి అటుపక్క బ్లాటింగ్ కాగితంతో లాగాను. అదే స్లైడ్ మీద తరవాణిలోంచి వచ్చిన అన్నం మెతుకు తునక నల్లటి నీలంగా మారింది. దాని పక్కనే ఉన్న యూగ్లీనా పసుపుగా మారి ఆగిపోయింది తప్ప లోపలి గింజలకి నీలం పట్టలేదు. పారామైలాన్‌కి అయొడిన్ పట్టదని ఏళ్ళుగా చెబుతున్నాను. రెండూ ఒకే చూపులో పక్కపక్కన చూడడం ఇదే మొదటిసారి.

బ్రాడీపేట_మాస్టారు

అమ్మా, గుంటూరు నుంచి రాస్తున్నాను. బోటనీ లెక్చరర్‌గా రిటైరై తొమ్మిదేళ్ళయింది. మీ థర్మామీటర్ లెక్క చదవగానే లేచి కూర్చున్నాను. మీ అరలో మే నెల చేసినది ప్రయోగశాలలో కావాలని చేసే పని.

1952లో ప్రింగ్‌షీమ్ దంపతులు యూగ్లీనా గ్రాసిలిస్‌ని 32 నుంచి 35 డిగ్రీల మధ్య పెంచి, హరితరేణువులు, నేత్రపు చుక్క రెండూ పోయిన కణాల్ని తయారుచేశారు. అవి మళ్ళీ చల్లటి చోటికి తెచ్చినా పచ్చబడలేదు. వాటి పిల్లలూ పచ్చబడలేదు. మీ అర సరిగ్గా ఆ ఇరుకు సందులో నెలరోజులు ఉంది. ఇంకొంచెం ఎక్కువైతే కిటికీ గట్టు మీదవాటిలా చచ్చేవి. తగ్గితే మీ అమ్మగారి కుండ పక్కదానిలా పచ్చగా మిగిలేవి. మే నెల విజయవాడలో నీడపట్టు గది వేడి ఆ సందులోనే నిలబడుతుంది. మూడు చోట్ల సీసాలు మూడు దారులు పట్టడానికి ఇదే కారణం.

ఎందుకిలా జరుగుతుందో చెబుతాను, నెమ్మదిగా చదవండి. ఈ ప్రాణిలో హరితరేణువు అద్దెకున్నదాని లాంటిది. పూర్వం ఎప్పుడో రంగులేని, వేటాడి తినే కశాభజీవి ఒక ఆకుపచ్చ శైవలాన్ని మింగింది. జీర్ణం చేసుకోకుండా లోపల ఉంచుకుంది. అందుకే మొక్కల హరితరేణువుకి రెండు పొరలుంటే దీనికి మూడు. దానికి సొంత డీఎన్ఏ ఉంది. 1993లో దాని వరుస పూర్తిగా చదివారు, సుమారు 1,43,000 బేస్ జతలు. ఈ రేణువు తన డీఎన్ఏని తాను నకలు తీసుకుని తాను రెండుగా చీలాలి. కణం చీలేటప్పుడు ఇవి రెండు వైపులకీ పంచుకుపోతాయి.

మామూలు వేడిలో ఈ రెండు పనులూ జోడెద్దుల్లా కలిసి నడుస్తాయి. 34 దగ్గర కణం హాయిగా చీలుతూనే ఉంటుంది, మీ తరవాణి తింటూ. రేణువు మాత్రం నకలు తీసుకోలేదు. అప్పుడేమవుతుంది? ఒక కణంలో పది రేణువులున్నాయనుకోండి. చీలితే తలా ఐదు. మళ్ళీ చీలితే రెండో మూడో. ఇంకోసారికి ఒకటి. ఆ తర్వాత పుట్టినవాటిలో కొన్నిటికి ఏమీ ఉండదు. ఆస్తి పెరగకుండా పంపకాలు జరిగిన ఇల్లు. లేనిదాన్ని వెలుతురు పుట్టించలేదు. చీకటి తెలుపులో విత్తనం ఉంటుంది, వేడి తెలుపులో విత్తనమే పోతుంది. అందుకే ఆ అబ్బాయి చెప్పిన 72 గంటల పరీక్ష అంత విలువైనది.

నేత్రపు చుక్క సంగతి. మన పుస్తకాలు దీన్ని హరితరేణువులో భాగంగా చెప్పవు, అది నిజమే. క్లామిడోమోనాస్‌లో అది రేణువు లోపలే ఉంటుంది, యూగ్లీనాలో బయట, కణద్రవ్యంలో ఉంటుంది. అయినా అందులోని ఎరుపు కెరోటినాయిడ్లది. అవి తయారయ్యే చోటు హరితరేణువే. కార్ఖానా మూతపడితే బయట కొట్లో సరుకు అయిపోయినట్టు ఆ చుక్కా తరచూ మాయమవుతుంది. మీరు ముప్ఫై, నలభై కణాలు ఓపిగ్గా చూడడం నాకు చాలా సంతోషంగా ఉంది. చీకటికి తెల్లబడినవాటికి ఆ చుక్క ఉంటుంది, మీవాటికి లేదు. ఈ ఒక్క పరిశీలనే సగం తీర్పు చెప్పేసింది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న: రేణువు పోతే బతకడమెలా? ఏ ఆకుపచ్చ మొక్క కణమైనా ప్లాస్టిడ్లు (హరితరేణువులు, వాటి జాతి రేణువులు) మొత్తం పోతే బతకదు. ఆహారం ఒక్కటే కాదు, ఇంకా చాలా సరుకులు అక్కడే తయారవుతాయి. ఉదాహరణకి హీమ్, ఇనుము పట్టుకుని ఉండే అణువు. శ్వాసక్రియలో సైటోక్రోములనే ప్రోటీన్లకి హీమ్ కావాలి. మొక్కల్లో హీమ్‌కి, పత్రహరితానికి ముడిసరుకు ప్లాస్టిడ్‌లో ఒకే దారిన, గ్లుటమేట్ నుంచి తయారవుతుంది. యూగ్లీనాలో రెండు దారులున్నాయి. పత్రహరితం కోసం ప్లాస్టిడ్‌లో ఆ గ్లుటమేట్ దారి. హీమ్ కోసం మైటోకాండ్రియాలో గ్లైసిన్, సక్సినైల్ కోఎంజైమ్-ఏ కలిపే దారి, మన ఒంట్లో ఉన్నదే. అద్దెకున్నవాడు ఖాళీ చేసినా ఇంటివాళ్ళ పొయ్యి వేరే ఉంది కాబట్టి వంట ఆగలేదు. వేటాడి తినే పూర్వీకుడి సొంత సామాను ఇంకా దాని దగ్గర ఉందన్నమాట.

మీ తరవాణి కూడా ఇక్కడ చిన్న పాత్రధారి కాదు. పులిసిన అన్నంలో ఇథనాల్, ఎసిటిక్ ఆమ్లం ఉంటాయి. యూగ్లీనా గ్రాసిలిస్‌కి ఈ రెండూ మంచి తిండి. రెండు కార్బన్ల ఎసిటేట్‌ని గ్లైఆక్జలేట్ చక్రంలో పెట్టి చక్కెరల దాకా కట్టుకుంటుంది. పులుపు దీనికి ఇబ్బంది కాదు, పీహెచ్ 3.5 ఉన్న మీడియంలో కూడా పెంచుతారు. వట్టి లవణాల నీళ్ళలో ఉండి ఉంటే రేణువులు పోయిన కణాలు ఆకలితో చచ్చేవి, మీకు ఈ తెల్ల సీసా మిగిలేదే కాదు. మీరు చూసిన అటుకుల్లాంటి గింజలు ఆ తిండి నిల్వే. పారామైలాన్ కణద్రవ్యంలో తయారవుతుంది, రేణువు లోపల కాదు. అందుకే తెల్లవాటిలోనూ నిండా ఉంది. పిండిపదార్థంలో గ్లూకోజ్‌లు ఆల్ఫా 1,4 బంధంతో మెలిక తిరిగి ఆ మెలికలో అయొడిన్‌ని పట్టుకుంటాయి. పారామైలాన్‌లో బీటా 1,3 బంధం, మూడు పేటల జడలా బిగుసుకుని గట్టిపడుతుంది. అయొడిన్ దూరే సందు లేదు.

"వృక్షాలకీ జంతువులకీ మధ్య వారధి" అని మన క్లాసుల్లో దీని గురించి చెబుతారు. నేనూ చాలా ఏళ్ళు చెప్పాను, ఇప్పుడు చెప్పను. ఇది మధ్యలో నిలబడినది కాదు. వంశం చూస్తే నిద్రజబ్బు తెచ్చే ట్రిపనోసోమాకి దగ్గరి చుట్టం, ఆకుపచ్చ సరుకు మాత్రం పక్కింటినుంచి తెచ్చుకున్నది. మీ ఇంటర్ పుస్తకంలోనే దానికి సాక్ష్యం ఉంది. స్టైకోనిమాటిక్ (ఒక పక్కే సన్నటి నూగు వరుస ఉన్న) కశాభానికి ఉదాహరణలుగా యూగ్లీనా, ఆస్టేషియా అని పక్కపక్కనే రాస్తారు కదా? ఆ ఆస్టేషియా లాంగా పుట్టుకతోనే తెల్లది. ఇప్పుడు దాన్ని యూగ్లీనా లాంగా అనే పిలుస్తున్నారు. అది కిరణజన్య సంయోగక్రియ వదిలేసినా సుమారు 73,000 బేస్ జతల ప్లాస్టిడ్ డీఎన్ఏని ఇంకా దాచుకునే ఉంది. తెల్లగా కనపడేవన్నీ ఒక్కటి కావు. జూలైలో పిల్లలకి ఆ లైను చదివిస్తూ పచ్చ సీసా, తెల్ల సీసా రెండూ బల్ల మీద పెట్టండి.

ల్యాబ్‌కోటు

మాస్టారూ, నమస్కారాలు. హీమ్ రెండు దారుల సంగతి నాకు తెలియదు, ఇప్పుడే చదివాను. క్లామిడోమోనాస్ ఎందుకు ఇలా పూర్తిగా ప్లాస్టిడ్ వదులుకోలేదో ఇన్నాళ్ళూ ఆలోచించనే లేదు.

స్ట్రెప్టోమైసిన్ ఎందుకడిగానంటే, అదే ఫలితం దాంతోనూ వస్తుంది. 1948లో ప్రొవసోలి, హట్నర్, షాట్జ్ దాన్ని రాశారు. ఆ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్‌ని కనుక్కున్నవారిలో ఒకరే. హరితరేణువు రైబోసోములు, అంటే ప్రోటీన్లు తయారుచేసే యంత్రాలు, బాక్టీరియా వాటికి దగ్గర కాబట్టి మందు వాటి మీద పనిచేస్తుంది. కణద్రవ్యంలోని రైబోసోములకి ఏమీ కాదు. కాబట్టి మేడం, కల్చర్ శుభ్రంగా ఉండాలని పిల్లలెవరైనా మందు వేస్తామంటే ఒప్పుకోకండి. ఇంకో నష్టం కూడా ఉంది. యూగ్లీనా గ్రాసిలిస్ సొంతంగా బీ12 విటమిన్ తయారుచేసుకోలేదు. మీ సీసాలో దాన్ని ఇచ్చేది బాక్టీరియానే. ఈ అవసరం ఎంత ఖచ్చితమంటే, ఒకప్పుడు మనుషుల రక్తంలో బీ12 ఎంతుందో యూగ్లీనా ఎంత పెరిగిందన్నదాన్ని బట్టి కొలిచేవాళ్ళు.

ఇంకో పరీక్ష చేయగలరా? రెండు గాజు గొట్టాల్లో పచ్చవి, తెల్లవి పోసి, చుట్టూ నల్ల కాగితం చుట్టి, ఒక పక్క సన్నటి గీతలా చీలిక పెట్టండి. పచ్చవి ఆ చీలిక దగ్గర గుమిగూడాలి. కశాభం మొదట్లో వాపులా ఉండే భాగం నీలి కాంతిని పసిగడుతుంది. 2002లో జపాన్‌వాళ్ళు అందులో పీఏసీ అనే ఫ్లేవిన్ ప్రోటీన్‌ని కనుక్కున్నారు. వెలుతురు పడగానే అది తానే సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువుని తయారుచేస్తుంది, దాంతో కశాభం కొట్టుకునే తీరు మారుతుంది. కణం తన చుట్టూ తాను తిరిగేటప్పుడు నేత్రపు చుక్క ఆ వాపు మీద నీడ వేస్తూ పోతుంది, దాంతో వెలుతురు ఏ పక్కనుందో తెలుస్తుందన్నది పాత వివరణ. చుక్క పోయినవి ఏం చేస్తాయో చూడాలనుంది.

కైకలూరు_చెరువు

అందరికీ దండాలు. నేను చదువుకున్నవాడిని కాదండి, విజయవాడలో ఉంటా, కైకలూరు వైపు చేపల చెరువులున్నాయి. మాస్టారు గారూ, మేడం గారూ, ఒక డౌటు. ఎండాకాలంలో చెరువు మీద ఎర్ర తెట్టు కడతది. పొద్దున చూస్తే పచ్చగా ఉంటది, పన్నెండింటికల్లా ఇటుక రంగు, సాయంత్రం మళ్ళీ పచ్చగా. మొన్న ల్యాబులో చూపిస్తే యూగ్లీనా అన్నారు. ఇది మీరు చెప్పే ఎండకి రంగు పోవడమేనా? నా బొచ్చె, శీలావతికి ఏమన్నా అవుద్దా?

బ్రాడీపేట_మాస్టారు

తమ్ముడూ, చదువుకోలేదంటావు గానీ పొద్దుటి రంగు, మధ్యాహ్నం రంగు విడివిడిగా గుర్తుపెట్టుకున్నావు. అసలు జవాబు అందులోనే ఉంది.

మేడం గారి సీసాలో రంగు పోయింది, తిరిగి రాదు. నీ చెరువులో రంగు పోవడం లేదు, చోటు మారుతోంది. అది బహుశా యూగ్లీనా సాంగ్వినియా. దాని కణంలో పత్రహరితంతో పాటు ఆస్టాజాంతిన్ లాంటి ఎర్ర కెరోటినాయిడ్ల గుళికలుంటాయి. ఎండ మండుతున్నప్పుడు ఆ గుళికలు కణం అంచులకి పాకి, లోపలి హరితరేణువులకి గొడుగు పడతాయి. ఎండ దిగాక మధ్యకి చేరతాయి, మళ్ళీ పచ్చ బయటపడుతుంది.

చేపల సంగతి తేలిగ్గా తీసుకోకు. ఈ సాంగ్వినియాలో కొన్ని యూగ్లీనోఫైసిన్ అనే విషం చేస్తాయని 2010లో అమెరికాలో గుర్తించారు. అక్కడ చేపలు చచ్చిన చెరువుల నుంచే అది బయటపడింది. ప్రతి ఎర్ర తెట్టూ విషం కాదు. కంటితో చూసి చెప్పలేం. తెట్టు కట్టిందంటే నీళ్ళలో కుళ్ళు సరుకు మితిమీరిందని మాత్రం అర్థం. కోళ్ళ ఎరువు కొన్నాళ్ళు ఆపు, డీవోబీ (నూనె తీసిన తవుడు) సంచులు తగ్గించు, గాలి ఒక గట్టుకి తోసినప్పుడు తెట్టుని వలగుడ్డతో లాగి బయట పారెయ్యి. తెల్లారుజామున చేప పైకొచ్చి నోరు తెరుస్తోందేమో చూసుకో, ఆక్సిజన్ పడిపోయేది అప్పుడే. ఆ వేళకి ఏరేటర్లు తిరుగుతూ ఉండాలి. మందు కొట్టి ఒక్కసారి తెట్టంతా చంపితే అది కుళ్ళి ఉన్న ఆక్సిజన్ కూడా లాగేస్తుంది. ఆ పని వద్దు.

కైకలూరు_చెరువు

ఎరువు రేపే ఆపేస్తానండి. గొడుగు మాట బాగుంది మాస్టారూ, మా కుర్రాళ్ళకి చెబుతా.

గాంధీనగర్_జువాలజీ

మాస్టారూ, మీ జవాబు ప్రింటు తీసి ల్యాబ్ గోడకి అంటించాను. బాబూ, నీ చీలిక పరీక్ష కూడా అయింది.

నల్ల కాగితం దొరక్క ఎక్స్‌రే కవర్లు చుట్టాను. బ్లేడుతో అగ్గిపుల్లంత వెడల్పున చీలిక తీశాను. పొద్దున పదింటికి కిటికీ వైపు తిప్పి పెట్టి, పదకొండున్నరకి పిల్లల్ని పిలిచి కవర్ ఊడదీశాను. పచ్చ గొట్టంలో చీలిక ఉన్నచోట నిలువుగా ఆకుపచ్చ గీత, పెన్నుతో గీసినట్టు. కదిలిస్తే పొగలా విడిపోయింది. తెల్ల గొట్టంలో గీత లేదు, మొత్తం ఒకేలా పలచటి పాల రంగు. మైక్రోస్కోపులో చూస్తే మాత్రం ఆ తెల్లవి ఎప్పట్లాగే హుషారుగా ఈదుతున్నాయి. కశాభం ఉంది, బలం ఉంది, ఎటు వెళ్ళాలో తెలియడం లేదు. ఒక అబ్బాయి "వీటికి చూపు పోయిందా మేడం?" అని అడిగాడు. చూపు అనే మాట వాడొచ్చా అని పది నిమిషాలు మాట్లాడుకున్నాం. ఆ మాట వద్దనుకుని "వెలుతురు దిక్కు తెలియదు" అని రికార్డుల్లో రాయించాను.

తెల్ల సీసాని పారబోయను. దూది మార్చి, 'వేడికి తెల్లబడినది, మే నెల, సింక్ అర' అని లేబుల్ రాసి పెట్టాను. నెలకోసారి కొత్త తరవాణిలోకి మారుస్తాను.

పచ్చదాన్ని వచ్చే మే నెలకి కాపాడుకునే ఏర్పాటు ఇప్పటినుంచే మొదలెట్టాను. వెడల్పు మట్టి తొట్టి కొని, మెడదాకా తడి ఇసుక నింపి, సీసా అందులో గుచ్చి, తొట్టి చుట్టూ తడి గోనె కట్టి ఉత్తరం కిటికీ కింద పెట్టాను. పైన తెరిచే ఉంచాను, వెలుతురు కోసం. సెలవుల్లో రోజూ నీళ్ళు చల్లడానికి వాచ్‌మన్ గారి భార్య ఒప్పుకున్నారు. ఆవిడకి సీసాలో చుక్క తీసి చూపించాను. చాలాసేపు కన్ను తీయలేదు. ఈ మధ్యాహ్నం రెండింటికి గదిలో 38, ఇసుకలో 29.